ఈమాక్స్‌లో ఆర్గ్ మోడ్: తెలుగులో నోట్సు రాసుకునేవాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఆర్గ్ ఫైలు అంటే ఉత్త టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. వరుస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన ఒక ఖాళీ పెడితే అది శీర్షిక. రెండు నక్షత్రాలు పెడితే దాని కింది ఉపశీర్షిక. ఎన్ని మెట్లు దిగాలనుకుంటే అన్ని నక్షత్రాలు. పనుల జాబితా, గడువులు, పట్టికలు, లెక్కలు, పీడీఎఫ్ తయారీ, ఇవన్నీ ఈ నక్షత్రాల మీద కట్టినవే. ఆ కట్టడాన్ని మడిచి, విప్పి, అటూ ఇటూ జరిపి, వెతికిపెట్టే పని ఈమాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్ చేస్తుంది.

కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటూ 2003లో దీన్ని మొదలుపెట్టాడు. 2007లో వచ్చిన ఈమాక్స్ 22 నుంచి ఇది ఎడిటర్‌తోపాటే వస్తోంది, విడిగా కొనేదేమీ లేదు. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు టైపు చేసేవాళ్లకు, అంటే రచయితలకు, అనువాదకులకు, పరిశోధన చేసేవాళ్లకు, ప్రోగ్రామర్లకు, ఇంతకన్నా మంచి నోట్సు పనిముట్టు నేను చూడలేదు. నోట్సు మొత్తం ఫోనులోనే రాసుకునేవాళ్లకు మాత్రం ఇది వద్దు. తెలుగులో రాసేవాళ్లకు నాలుగైదు చోట్ల కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముళ్లు ఇంగ్లిషులో రాసిన మాన్యువల్‌లో కనిపించవు, కాబట్టి ఇక్కడ వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఒక గమనిక: కింద కీలను, సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

తెలుగు కనిపించాలి, తెలుగు టైపు కావాలి

ఈమాక్స్ 27 (2020) గానీ ఆ తర్వాతది గానీ వేసుకోండి. అక్షరాలను కూర్చే పనికి హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుకోవడం ఆ వెర్షన్‌తోనే మొదలైంది. ఒత్తులు, గుణింతాలు దానివల్లే సరైన చోట కూర్చుంటాయి. ఈమాక్స్‌ను దాని సొంత కిటికీలోనే తెరవాలి. టెర్మినల్‌లో తెరిస్తే అక్షరాలు కూర్చే పని టెర్మినల్ చేతికి పోతుంది, చాలా టెర్మినళ్లలో ‘స్త్రీ’ లాంటి మాట ముక్కలై కనిపిస్తుంది.

ఫాంటు మీరే చెప్పాలి. చెప్పకపోతే సిస్టంలో దొరికిన ఏదో ఒక తెలుగు ఫాంటును ఈమాక్స్ పట్టుకుంటుంది. సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ అనే ఫంక్షన్‌కు తెలుగు లిపి పేరు, ఫాంటు పేరు ఇస్తూ ఇనిట్ ఫైలులో (ఈమాక్స్ మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైలు) ఒక వరుస రాస్తే చాలు. నోటో సాన్స్ తెలుగు, మండలి రెండూ తెర మీద హాయిగా చదువుకోగలిగినవి. తెలుగు ఫాంట్లు ఒత్తుల కోసం పైనా కిందా ఎక్కువ జాగా తీసుకుంటాయి. దానివల్ల ఇంగ్లిషు వరుసలు ఇరుగ్గా, తెలుగు వరుసలు వదులుగా వచ్చి పేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫేస్-ఫాంట్-రీస్కేల్-అలిస్ట్ అనే సెట్టింగులో తెలుగు ఫాంటుకు 0.9 ఇస్తే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

టైపు చేయడానికి సిస్టం కీబోర్డు కన్నా ఈమాక్స్ సొంత ఇన్‌పుట్ పద్ధతే మేలు. కారణం ఉంది. లినక్స్‌లో సిస్టం కీబోర్డును తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కు మార్చి కంట్రోల్-సి కొడితే, ఎడిటర్‌కు ‘సి’ బదులు ఆ కీ మీదున్న తెలుగు అక్షరం చేరుతుంది. అలాంటి కమాండ్ లేదని అది మొరాయిస్తుంది. ఆర్గ్ మోడ్‌లో కమాండ్లు చాలావరకు కంట్రోల్-సితోనే మొదలవుతాయి గనక పని సాగదు. ఈమాక్స్‌లోపల తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం), తెలుగు-ఐట్రాన్స్ (ఉచ్చారణను ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది) అని రెండు పద్ధతులున్నాయి. కంట్రోల్-ఎక్స్, ఎంటర్, కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొట్టి ఒకసారి ఎంచుకుంటే, తర్వాత కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో తెలుగుకూ ఇంగ్లిషుకూ మారుతూ ఉండొచ్చు. తెలుగు నడుస్తున్నప్పుడు కూడా కమాండ్లు మామూలుగానే పనిచేస్తాయి. వెతికేటప్పుడు కంట్రోల్-ఎస్ కొట్టాక మళ్లీ కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొడితే వెతికే పెట్టెలోనూ తెలుగు వస్తుంది.

ఈమాక్స్ 29 నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది. బ్యాక్‌స్పేస్ ఒక్కో గుర్తునే చెరుపుతుంది. ‘క్రీ’లో ముందు దీర్ఘం పోయి ‘క్ర’ మిగులుతుంది. డిలీట్ కీ మాత్రం అక్షరం మొత్తాన్ని ఒక్క దెబ్బకు తీసేస్తుంది. అచ్చుతప్పులు దిద్దేటప్పుడు ఈ తేడా తెలిసుంటే చేతికి చాలా శ్రమ తగ్గుతుంది.

విండోస్‌లో వాడేవాళ్లు ప్రిఫర్-కోడింగ్-సిస్టమ్ అనే ఫంక్షన్‌తో యూటీఎఫ్-8ను (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) ఖాయం చేసుకోండి. లేకపోతే కొత్త ఫైలు దాచేటప్పుడు ఏ ఎన్‌కోడింగ్‌లో దాచాలని అడుగుతుంది, అక్కడ తప్పు జవాబిస్తే తర్వాత తెలుగు బదులు ప్రశ్నార్థకాలు మిగలొచ్చు. పాత డీటీపీ ఫైళ్ల నుంచి, అంటే అను ఫాంట్లలో కొట్టినవాటి నుంచి, నేరుగా కాపీ చేసి తెచ్చుకోవద్దు. అవి యూనికోడ్ కావు. ముందు కన్వర్టర్‌తో మార్చుకుని, ఒత్తులు సరిచూసుకుని, అప్పుడు తెచ్చుకోవాలి.

మడతలు: అసలు బలం ఇక్కడే

```
* ఇంటి రిపేర్లు
** వంటగది
*** సింకు కింద పైపు మార్పించాలి
*** గ్యాస్ బండ గట్టు పగులు
** డాబా
* సంకలనం పనులు
** ముందుమాట
** కథల వరుస
```

శీర్షిక మీద కర్సర్ పెట్టి ట్యాబ్ కొడితే దాని కిందిదంతా మడుచుకుంటుంది. ఇంకోసారి కొడితే పిల్ల శీర్షికలు మాత్రమే కనిపిస్తాయి, మూడోసారి కొడితే మొత్తం విచ్చుకుంటుంది. షిఫ్ట్-ట్యాబ్ ఇదే పనిని ఫైలు మొత్తానికి చేస్తుంది. ఆల్ట్ పట్టుకుని కుడి, ఎడమ బాణాలు కొడితే ఆ శీర్షిక ఒక మెట్టు దిగుతుంది, ఎక్కుతుంది. షిఫ్ట్ కూడా కలిపి పట్టుకుంటే కింద ఉన్న కొమ్మంతా దానితో కదులుతుంది. ఆల్ట్-పైబాణం, ఆల్ట్-కిందిబాణం కొట్టినప్పుడు కొమ్మ తన ఇరుగుపొరుగు కొమ్మలను దాటుకుని జరుగుతుంది. రెండు వందల పేజీల పుస్తకానికి అధ్యాయాల వరుస మార్చాలంటే నాలుగు కీలు. వర్డ్‌లో ఇదే పనికి కట్, పేస్ట్ చేస్తూ ఎక్కడ ఏది పోయిందోనని బెంగపడాలి.

కొత్త శీర్షికకు ఆల్ట్-ఎంటర్. కింద పేరాలున్న శీర్షిక మీద నిలబడి, ఆ పేరాలన్నీ దాటాక కొత్తది రావాలంటే కంట్రోల్-ఎంటర్. ఈ రెండింటి తేడా మొదటి రోజే నేర్చుకోండి. ఆల్ట్-ఎంటర్‌ను వరుస మధ్యలో కొడితే వరుస రెండు ముక్కలై, రెండోది కొత్త శీర్షికగా మారుతుంది.

ఒక్క కొమ్మ మీదే మనసు పెట్టాలంటే కంట్రోల్-ఎక్స్, ఎన్, ఎస్. మిగతా ఫైలంతా కనుమరుగవుతుంది. తిరిగి రావడానికి కంట్రోల్-ఎక్స్, ఎన్, డబ్ల్యూ. ఈ రెండోది గుర్తులేనివాళ్లు ఫైలు పోయిందని కంగారు పడతారు. ఏమీ పోదు, కింద మోడ్ వరుసలో ‘నారో’ అని రాసి ఉంటుంది చూడండి.

కొమ్మను ఇంకో చోటికి పంపడానికి (దీన్నే రీఫైల్ అంటారు) కంట్రోల్-సి, కంట్రోల్-డబ్ల్యూ. ఇది మొదట్లో నిరాశపరుస్తుంది. ఎందుకంటే సెట్టింగ్ మార్చనంతవరకు ఇప్పుడు తెరిచిన ఫైలులోని మొదటి మెట్టు శీర్షికలనే గమ్యాలుగా చూపిస్తుంది. ఆర్గ్-రీఫైల్-టార్గెట్స్ అనే సెట్టింగులో అజెండా (తేదీలవారీగా పనులు చూపే జాబితా) ఫైళ్లన్నిటినీ మూడో మెట్టు వరకు ఇవ్వండి. ఆర్గ్-రీఫైల్-యూజ్-అవుట్‌లైన్-పాత్‌కు ‘ఫైల్’ అనే విలువ, ఆర్గ్-అవుట్‌లైన్-పాత్-కంప్లీట్-ఇన్-స్టెప్స్‌కు ‘నిల్’ ఇవ్వండి. అప్పుడు ఏ ఫైలులో ఏ శీర్షిక కిందికైనా రెండు మూడు అక్షరాలు కొట్టి పంపేయొచ్చు. అయిపోయిన కొమ్మలకు కంట్రోల్-సి, డాలర్ గుర్తు. ఫైలు పేరు చివర ఆర్కైవ్ అని తగిలించిన ఇంకో ఫైలులోకి అవి వెళ్తాయి. ఏ తేదీన, ఏ ఫైలు నుంచి, ఏ శీర్షిక కింద నుంచి వచ్చాయో కూడా పక్కన నమోదవుతుంది.

ఇక జాగ్రత్తలు. మడిచిన శీర్షిక మీద కంట్రోల్-కె కొడితే కనిపించే వరుసతోపాటు మడతలో దాగి ఉన్నదంతా పోతుంది, అదీ అడగకుండా. వెంటనే కంట్రోల్-స్లాష్ కొడితే తిరిగొస్తుంది, గమనించకపోతే లేదు. ఆర్గ్-సీటీఆర్ఎల్-కె-ప్రొటెక్ట్-సబ్‌ట్రీ అనే సెట్టింగుకు ‘ఎర్రర్’ విలువ ఇస్తే అలా చెరపనివ్వదు. కొమ్మను కావాలనే కోయాలంటే కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-డబ్ల్యూ, అతికించడానికి చివరి కీగా కంట్రోల్-వై. ఇలా అతికిస్తే నక్షత్రాల లెక్క ఆ చోటికి తగ్గట్టు సర్దుకుంటుంది. మామూలుగా అతికిస్తే పాత మెట్టే ఉండిపోయి కట్టడం చెదురుతుంది.

ఆర్గ్ 9.4 వెర్షన్ నుంచి ఫైలు తెరవగానే మొత్తం విప్పి చూపిస్తోంది. పెద్ద ఫైలుకు ఇది ఇబ్బంది. ఫైలు మొదటి వరుసలో ‘#+స్టార్టప్: ఓవర్‌వ్యూ’ అని రాసి, ఆ వరుస మీదే కంట్రోల్-సి, కంట్రోల్-సి కొట్టండి. ఇక ఎప్పుడు తెరిచినా శీర్షికలే కనిపిస్తాయి.

తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బందులు

మొదటిది బొద్దు అక్షరాలు. మాటకు రెండు వైపులా నక్షత్రం పెడితే బొద్దు, అండర్‌స్కోర్ పెడితే కింద గీత. కానీ మూసే గుర్తు తర్వాత ఖాళీ గానీ, కామా, చుక్క, కోలన్, మూసే కుండలీకరణం లాంటి కొన్ని గుర్తులు గానీ ఉండాలని నియమం. ఇంగ్లిషుకు ఇది సరిపోతుంది. తెలుగులో విభక్తి మాటకే అంటుకుంటుంది కదా. ‘*పుస్తకం*లో’ అని రాస్తే బొద్దు రాదు, నక్షత్రాలు అలాగే ఉండిపోతాయి. దీనికి రెండు దారులు. విభక్తితో సహా మొత్తం మాటను బొద్దు చేయడం ఒకటి. తెలుగు చదివేవాళ్ల కంటికి అదే నిండుగా ఉంటుంది, నేను దాన్నే సిఫార్సు చేస్తాను. తప్పనిసరైతే మూసే నక్షత్రం తర్వాత వెడల్పు లేని ఖాళీని చొప్పించడం రెండోది: కంట్రోల్-ఎక్స్, 8, ఎంటర్ కొట్టి, 200బి అని ఇచ్చి ఎంటర్. మాన్యువల్ చెప్పే ఉపాయం కూడా ఇదే.

వంపు తిరిగిన కొటేషన్ గుర్తులను వాడేవాళ్లకు ఇదే నియమం ఇంకోలా తగులుతుంది. ఆ గుర్తులు ఆర్గ్ అనుమతించే జాబితాలో లేవు. నిటారు కొటేషన్లలో బొద్దు వస్తుంది, వంపు కొటేషన్లకు ఆనించి పెడితే రాదు. ఇటాలిక్ సంగతి సరే సరి, తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఆ రూపమే లేదు. దానికోసం పెట్టే స్లాష్ గుర్తులను మరిచిపోవచ్చు.

లింకులకు ఈ బాధ లేదు. జంట చదరపు కుండలీకరణాల్లో రాసిన లింకుకు ‘లో’, ‘కి’, ‘నుంచి’ ఏది అంటించినా లింకు లింకుగానే ఉంటుంది.

రెండోది ట్యాగులు. శీర్షిక చివర రెండు కోలన్ల మధ్య రాసే ట్యాగులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, ఎట్, హ్యాష్, శాతం గుర్తులు మాత్రమే చెల్లుతాయి. తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు నిక్షేపంగా చెల్లుతాయి. ‘:వంటగది:’, ‘:అనువాదం:’ బాగా పనిచేస్తాయి. కానీ ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఒక కనిపించని గుర్తు ఉంటుంది. అది అక్షరమూ కాదు, అంకే కాదు. అలాంటి మాటను ట్యాగుగా పెడితే ఆర్గ్ దాన్ని ట్యాగుగానే గుర్తించదు, శీర్షికలో భాగం అనుకుంటుంది. కంటికి తేడా తెలియదు గనక చాలామంది ఇక్కడే తికమకపడతారు. ట్యాగులకు ఆ గుర్తు అవసరంలేని మాటలు ఎంచుకోండి. వెతికేటప్పుడూ ఇదే తంటా: గుర్తుతో రాసిన మాట, గుర్తు లేకుండా వెతికితే దొరకదు.

మూడోది పట్టికలు. నిలువు గీతలతో గళ్లు రాసుకుంటూ ట్యాబ్ కొడుతూపోతే ఆర్గ్ వాటిని వరుసగా సర్దుతుంది. ఆ సర్దడం అక్షరాలన్నీ ఒకే వెడల్పు అన్న లెక్కతో జరుగుతుంది. తెలుగు అక్షరాలు అలా ఉండవు కాబట్టి గీతలు వంకరపోతాయి. సమాచారానికీ లెక్కలకూ ఏమీ కాదు, చూపుకే ఇబ్బంది. ఈమాక్స్ ప్యాకేజీలు దించుకునే జీఎన్‌యూ ఎల్పాలో దొరికే వీఅలైన్ అనే చిన్న ప్యాకేజీ పిక్సెళ్లను కొలిచి గీతలను నిటారుగా నిలబెడుతుంది. తెలుగు పట్టికలు రాసేవాళ్లు దాన్ని తప్పక వేసుకోవాలి. చాలా పొడవైన పట్టికలో మాత్రం ఎడిటర్‌ను కొంచెం నెమ్మదింపజేస్తుంది.

```
| సామాను     | ఎన్ని | ధర  | మొత్తం |
|------------+------+-----+-------|
| పైపు ముక్క |    3 | 450 |  1350 |
| కొళాయి     |    2 | 600 |  1200 |
#+టీబీఎల్ఎఫ్ఎమ్: $4=$2*$3
```

చివరి వరుస మీద కంట్రోల్-సి, కంట్రోల్-సి కొడితే నాలుగో నిలువు వరుస నిండుతుంది. ధర మారిస్తే మొత్తం దానంతటదే మారదు, మళ్లీ కొట్టాలి. అంకెల మధ్య మనం పెట్టుకునే కామాలు ఇక్కడ పెట్టకూడదు. 1,25,000 అని రాస్తే లెక్కవేసే భాగానికి అది ఒక సంఖ్యగా కనిపించదు, ఫలితం తప్పుతుంది లేదా ఎర్రర్ వస్తుంది. రూపాయి గుర్తునూ గడిలో పెట్టకుండా, నిలువు వరుస పేరులో ‘రూ.’ అని రాసుకోండి.

పనుల స్థితులను తెలుగులో పెట్టుకోవడం మాత్రం చక్కగా కుదురుతుంది. ఫైలు మొదట్లో ‘#+టూడూ: చేయాలి జరుగుతోంది | అయింది’ అని రాయండి. నిలువు గీతకు ఎడమవైపున్నవి మిగిలిన పనులు, కుడివైపున్నది ముగిసినది. టూడూ అన్న మాట ఇంగ్లిషులో, మిగతావి తెలుగులో. కంట్రోల్-సి, కంట్రోల్-టి కొట్టినప్పుడల్లా స్థితి మారుతూ వస్తుంది.

తేదీలు, గడువులు

చాలామంది తప్పు వాడకం ఇక్కడే చూస్తాం. ఆర్గ్‌లో తేదీలు మూడు రకాలు, మూడింటికీ మూడు అర్థాలు. ‘షెడ్యూల్డ్’ అంటే ఆ పని మొదలుపెట్టాల్సిన రోజు. పూర్తయిందని చెప్పేదాకా అజెండాలో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ‘డెడ్‌లైన్’ అంటే ఆఖరి రోజు. 14 రోజుల ముందు నుంచి హెచ్చరిక మొదలవుతుంది. ఉత్త తేదీ అంటే ఆ రోజున జరిగే విషయం. ఆ ఒక్కరోజే కనిపించి పోతుంది. పెళ్లికి, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ఉత్త తేదీ పెట్టాలి. వీటికి షెడ్యూల్డ్ పెడితే పెళ్లి అయిపోయిన నెలకు కూడా అజెండాలో వేలాడుతూ ఉంటుంది. అలాంటివి పాతిక చేరాక అజెండా చూడటమే మానేస్తారు.

షెడ్యూల్డ్‌కు కంట్రోల్-సి, కంట్రోల్-ఎస్. డెడ్‌లైన్‌కు కంట్రోల్-సి, కంట్రోల్-డి. ఉత్త తేదీకి కంట్రోల్-సి, చుక్క. ఈ కీలతోనే పెట్టండి, చేత్తో రాయకండి. షెడ్యూల్డ్, డెడ్‌లైన్ వరుస శీర్షిక కింద మొట్టమొదటి వరుసగానే ఉండాలి. మధ్యలో ఒక్క వరుస వచనం వచ్చినా, ఖాళీ వరుస వచ్చినా ఆర్గ్ దాన్ని గడువుగా లెక్కించదు. గడువు దాటిపోయినా చప్పుడు చేయదు. ఆల్ట్-ఎక్స్ కొట్టి ఆర్గ్-లింట్ అనే కమాండ్ నడిపితే ఇలాంటి లోపాలను వరుస సంఖ్యతో సహా పట్టిస్తుంది. అప్పుడప్పుడు నడపడం మంచిది.

మళ్లీ మళ్లీ వచ్చే పనులకు తేదీ పక్కన ప్లస్ గుర్తు, అంకె, ఒక అక్షరం: రోజుకు డి, వారానికి డబ్ల్యూ, నెలకు ఎమ్, ఏడాదికి వై. ఒక్క ప్లస్ పెడితే పాత తేదీకి సరిగ్గా ఒక విడత కలుపుతుంది. మూడు నెలలు వెనకబడి ఉంటే మూడుసార్లు ‘అయింది’ కొట్టాలి. అద్దె లాంటి బాకీలకు ఇది సరైనది, ఎందుకంటే ప్రతి విడతా లెక్కే. రెండు ప్లస్సులు పెడితే తేదీ భవిష్యత్తులోకి వచ్చేదాకా దూకుతుంది, అదే వారం, అదే తేదీ నిలుస్తుంది. ప్రతి ఆదివారం మొక్కలకు ఎరువు వేయడం లాంటివాటికి ఇది. చుక్క, ప్లస్ పెడితే ఈరోజు నుంచి లెక్క మొదలవుతుంది. నీళ్ల ఫిల్టర్ క్యాండిల్ మార్చడానికి ఇదే తగినది, ఆలస్యంగా మార్చినా తర్వాతి గడువు అక్కడి నుంచే కదా. నెలవారీ పనిని 31న పెట్టకండి. జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 31 అన్న తేదీ లేదు గనక, లీపు కాని ఏడాదిలో మార్చి 3కి పోతుంది. 28లోపు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

అజెండాకు కీ ముందుగా కట్టి ఉండదు. కంట్రోల్-సి, ఎ అనే కీని ఆర్గ్-అజెండాకు మీరే కట్టుకోవాలి, ఏయే ఫైళ్లు చూడాలో ఆర్గ్-అజెండా-ఫైల్స్‌లో చెప్పాలి. ఫైళ్ల సంఖ్య పెరిగేకొద్దీ అజెండా నెమ్మదిస్తుంది. పాత కొమ్మలను ఆర్కైవ్ చేస్తూ ఉండటమే దానికి మందు.

బయటికి పంపడం

కంట్రోల్-సి, కంట్రోల్-ఇ కొడితే ఎగుమతి పట్టిక తెరుచుకుంటుంది. హెచ్‌టీఎమ్ఎల్ తెలుగుకు అన్నిటికన్నా నిరపాయమైన దారి. విషయసూచిక పైన మాట ఇంగ్లిషులోనే వస్తుంది, అక్కర్లేకపోతే ఫైలు మొదట్లో ‘#+ఆప్షన్స్:’ వరుసలో ‘టాక్:నిల్’ పెట్టండి. మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటే దాని తర్వాతిది కిందికి జారిన చిన్న అక్షరాలుగా మారుతుంది. ఫైలు పేర్లు రాసేవాళ్లను ఇది బాగా విసిగిస్తుంది. అదే ఆప్షన్స్ వరుసలో ‘^:{}’ అని పెడితే పోతుంది.

ఓడీటీగా (లిబ్రెఆఫీస్ ఫైలు రకం) ఎగుమతి చేసి లిబ్రెఆఫీస్‌లో తెరిచినప్పుడు తెలుగు ఫాంటు మారడంలేదని వాపోయేవాళ్లు స్టైల్స్‌లో పాశ్చాత్య ఫాంటు గడిని మారుస్తుంటారు. తెలుగుకు వర్తించేది విడిగా ఉండే కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ గడి. అక్కడ మార్చాలి.

పీడీఎఫ్ కాస్త శ్రమ. పేజీలు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ వేసి ఉండాలి, దాన్ని అందించే టెక్‌లైవ్‌ను పూర్తిగా వేస్తే కొన్ని గిగాబైట్లు తింటుంది. మామూలుగా వాడే పీడీఎఫ్‌లేటెక్ తెలుగు యూనికోడ్ అక్షరం చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ‘#+లేటెక్_కంపైలర్: ఎక్స్‌ఈలేటెక్’ అని ఒక వరుస, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీతో ముఖ్య ఫాంటును, స్క్రిప్ట్ తెలుగు అని చెప్పే హెడర్ వరుసలు పెట్టాలి. ఇంగ్లిషు మాటలు కూడా కలిసే రచనకు మండలి లాంటి రెండు లిపులూ ఉన్న ఫాంటు ఎంచుకోండి, లేకపోతే ఇంగ్లిషు ఉన్నచోట ఖాళీలు వస్తాయి. ఒకసారి కుదిరాక ఆ వరుసలను విడి ఫైలులో పెట్టి ‘సెటప్‌ఫైల్’ అనే వరుసతో ప్రతి ఫైలులోకీ పిలుచుకోవచ్చు. మార్క్‌డౌన్ ఎగుమతి మొదట్లో పట్టికలో కనిపించదు, ఆర్గ్-ఎక్స్‌పోర్ట్-బ్యాకెండ్స్‌లో చేర్చాలి.

ఇవి కాక సమయం లెక్కించే గడియారం, కోడ్ ముక్కలను ఫైలులోనే నడిపే బేబెల్, అరక్షణంలో ఆలోచనను పట్టి దాచే క్యాప్చర్ ఉన్నాయి. క్యాప్చర్ ఒక్కదాన్ని మొదటి నెలలోనే నేర్చుకోండి. మిగతావి అవసరం తలుపు తట్టినప్పుడు చూసుకోవచ్చు. అన్నీ ఒకేసారి అమర్చుకోబోయి, రాయడం పక్కనపెట్టి సెట్టింగులతో వారాలు గడిపేవాళ్లు ఎక్కువ. ఇంటర్నెట్‌లో దొరికే పెద్ద పెద్ద ఇనిట్ ఫైళ్లను అతికించుకోవడం కన్నా, పైన చెప్పిన ఏడెనిమిది సెట్టింగులను అర్థం చేసుకుని రాసుకోవడం మేలు.

కొత్త వెర్షన్ కావాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈమాక్స్ 29తో ఆర్గ్ 9.6, ఈమాక్స్ 30తో ఆర్గ్ 9.7 వస్తాయి, చాలామందికి అవే చాలు. అంతకన్నా కొత్తది ప్యాకేజీగా దించుకుంటే, పాత ఆర్గ్ అప్పటికే మెమరీలోకి ఎక్కి ఉన్న చోట రెండూ కలగలిసి వెర్షన్లు పొసగడంలేదన్న హెచ్చరిక వస్తుంది. అంతుపట్టని లోపాలూ పుడతాయి. ఏ ఆర్గ్ ఫైలూ తెరవకుండా ఎడిటర్‌ను కొత్తగా తెరిచి అప్పుడు వేయాలి. ఇప్పటికే పాడైతే ఆ ప్యాకేజీ ఫోల్డర్‌ను తీసేసి ఇదే పద్ధతిలో మళ్లీ వేయాలి.

ఫోను విషయానికొస్తే, ఆండ్రాయిడ్‌లో ఆర్గ్‌జ్లీ రివైవ్డ్, ఐఫోన్‌లో బీఆర్గ్ ఉన్నాయి. బజారులో జాబితా చూసుకోవడానికి, చప్పున ఒక మాట రాసి పెట్టుకోవడానికి అవి చాలు, పట్టికలకు, పెద్ద రచనకు కాదు. ఆర్గ్‌జ్లీలో పని స్థితులను యాప్ సెట్టింగుల్లో విడిగా ఇవ్వాలి. ‘చేయాలి’, ‘అయింది’ అని అక్కడ కూడా రాయకపోతే ఆ మాటలను శీర్షికలో భాగంగానే చూపిస్తుంది. సిస్టం భాష తెలుగైతే తేదీలో వారం పేరు కూడా తెలుగులో పడుతుంది. ఈమాక్స్‌కు దానితో ఇబ్బంది లేదు గానీ, ఫోనుతో పంచుకునే ఫైళ్లకు సిస్టమ్-టైమ్-లొకేల్‌ను ‘సి’ అని పెట్టి ఇంగ్లిషు వారాలే ఉంచుకోవడం క్షేమం.

ఫైళ్లను సింక్‌థింగ్‌తో గానీ డ్రాప్‌బాక్స్‌తో గానీ పంచుకుంటే, ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకే ఫైలును ఒకేసారి మార్చినప్పుడు రెండు ప్రతులు తయారవుతాయి. సింక్‌థింగ్ అయితే రెండో ప్రతి పేరులో సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని, తేదీ సహా ఉంటుంది. దాన్ని చెరపకండి. ఆల్ట్-ఎక్స్ కొట్టి ఈడిఫ్-ఫైల్స్ అని ఇచ్చి రెండు ప్రతులనూ చూపిస్తే, అవి ఒకదాని కింద ఒకటి తెరుచుకుని తేడా ఉన్న చోట్లన్నీ కనిపిస్తాయి. ఎన్ నొక్కుతూ ఒక్కో తేడాకు వెళ్లి, ఎ గానీ బి గానీ నొక్కి కావలసినదాన్ని రెండోవైపుకు పంపి, క్యూ కొట్టి బయటికొచ్చి రెండు ఫైళ్లనూ దాచండి. ఫోనులో రాసే మాటలకు విడిగా ఒక చిన్న ఫైలు పెట్టుకుని, కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు అందులోంచి రీఫైల్ చేసుకుంటూ ఉంటే ఈ అవసరం అరుదుగా వస్తుంది.